బాస్కెట్‌బాల్ ఆడే పిల్లకి చెన్నైలో ఏ స్కూల్ మంచిది?

మా పాప ఆరో తరగతి ముగిసే ఏడాది, జనవరి నుంచి ఏప్రిల్ దాకా, చెన్నైలో తొమ్మిది ప్రైవేట్ స్కూళ్లు తిరిగాం. మా ఊరు నెల్లూరు, ఉండేది విల్లివాక్కంలో. పాపకి బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. అన్నం తినేటప్పుడు కూడా ఎడమ చెయ్యి బంతి మీదే ఉంటుంది. అప్పుడు చదువుతున్న స్కూల్లో వారానికి రెండే ఆటల పీరియడ్లు, అందులో ఒకటి లెక్కల మేడమ్ తీసేసుకునేవారు. అందుకే మార్చాలనుకున్నాం. ఇప్పుడు పాప తొమ్మిదో తరగతి. ఈ మధ్యలో మేం నేర్చుకున్నదీ, ప్రాక్టీస్ దగ్గర కలిసే తల్లిదండ్రుల నోట విన్నదీ రాస్తున్నాను.

మొదట వెళ్లిన స్కూల్ సంగతి చెప్తాను. రిసెప్షన్‌లో గోడ పొడుగునా అద్దాల బీరువా, దాని నిండా కప్పులు. కరస్పాండెంట్ గారు అరగంట మాట్లాడారు. మేం కోర్టు చూస్తామన్నాం. సాయంత్రం నాలుగు అవుతోంది. కోర్టు మీద మూడు స్కూల్ బస్సులు నిలిపి ఉన్నాయి. ఒక రింగుకి నెట్ లేదు, ఇంకో రింగు కిందికి వంగిపోయి ఉంది. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన బీరువా దగ్గర ఆగి కప్పుల మీద ఏళ్లు చదివారు. అన్నిటికన్నా కొత్తది ఎనిమిదేళ్ల కిందటిది.

ఆ రోజు నుంచి స్కూల్ చూసే పద్ధతే మార్చుకున్నాం. కప్పుల లెక్క వదిలేసి, ఆ స్కూల్లో చేరితే మా పిల్ల రోజు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాం. నిద్ర లేచేది, బస్సు ఎక్కేది, ప్రాక్టీస్, ఇంటికొచ్చేది, హోంవర్క్, పడుకునేది. ఇదే పిల్ల గడియారం అనుకున్నాం. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెప్తారు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ, అక్కడి బాస్కెట్‌బాల్ సంఘం కలిసి 2016లో పిల్లల కోసం ఇచ్చిన సూచనల్లో 12 నుంచి 14 ఏళ్ల వాళ్లకి వారానికి మొత్తం 10 గంటలు మించి ఆట వద్దన్నారు. ఆ పైన, ప్లస్ టూ (పన్నెండో తరగతి) వరకు, 14 గంటలు. మ్యాచ్‌లు కూడా ఆ గంటల్లోనే. ఈ రెండూ పక్కన పెట్టుకుని మీ కాగితం చూడండి. సగం స్కూళ్లు అక్కడే తప్పుకుంటాయి.

మూడు దారులు

చెన్నైలో మన ముందు ఉన్నవి ముఖ్యంగా మూడు. ఒకటి, బాస్కెట్‌బాల్ జట్టుకి పేరున్న స్కూల్. రెండు, ఇంటికి దగ్గర్లో మామూలు స్కూల్, సాయంత్రం బయట క్లబ్బో అకాడమీయో. మూడు, హాస్టల్లో ఉండి ఆడటం.

పేరున్న స్కూల్లో ఉన్న సుఖం కాదనలేనిది. కోర్టు స్కూల్లోనే ఉంటుంది, ప్రయాణం కలిసొస్తుంది. టోర్నమెంటుకి సెలవు కోసం ఎవరినీ బతిమాలక్కర్లేదు. నవంబరు నెలంతా మ్యాచ్‌లు తిరిగినా టీచర్లు పోయిన పాఠాలు చెప్పి పెడతారు. పిల్ల చుట్టూ తనలా ఆటే లోకమైన పిల్లలు ఉంటారు. దీని విలువ తక్కువ చెయ్యను.

అయితే జట్టులో 12 మందికే చోటు, కోర్టు మీద ఐదుగురు. అలాంటి స్కూళ్లు ఎనిమిదో తరగతిలో, ప్లస్ వన్‌లో బయటి నుంచి ఆటగాళ్లని తెచ్చుకుంటాయి. ఏడో తరగతి నుంచి కష్టపడ్డ పిల్ల తొమ్మిదికొచ్చేసరికి బెంచి మీద కూర్చుంటుంది. మాకు తెలిసిన ఒక అబ్బాయి రెండేళ్లు అలా కూర్చున్నాడు. బస్సులో అన్ని ఊళ్లూ తిరిగాడు, ఆడింది మాత్రం మ్యాచ్ గెలిచిపోయాక చివరి రెండు నిమిషాలు. వాళ్లమ్మ చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకుంది. అందుకని అడ్మిషన్ మాట్లాడేటప్పుడు "పోయినేడు జట్టులో ఎందరు ఇక్కడే ఆరేడు తరగతుల నుంచి చదివినవాళ్లు?" అని తప్పకుండా అడగండి.

ఫీజు రాయితీ ఇంకో పెద్ద విషయం. స్పోర్ట్స్ కోటా కింద సగం తగ్గిస్తాం, పూర్తిగా తీసేస్తాం అంటారు. ఆ మాట కాగితం మీద ఉండాలి. ఎన్నేళ్లకి? బస్సు, పుస్తకాలు, టోర్నమెంటు ఖర్చులు అందులో ఉన్నాయా? పిల్ల మడమ బెణికి నాలుగు నెలలు ఆడలేకపోతే రాయితీ ఉంటుందా? ఈ చివరి ప్రశ్నకి ఒక స్కూల్లో జవాబు రాలేదు, మాట మార్చేశారు. మేం లేచి వచ్చేశాం.

రెండో దారి, దగ్గరి స్కూలూ బయటి క్లబ్బూ. చెన్నైలో దీనికి మంచి పునాది ఉంది. 1891లో ఈ ఆట పుట్టిందే అమెరికాలో ఒక వైఎంసీఏ (క్రైస్తవ యువకుల సంఘం) శిక్షణ పాఠశాలలో. అదే వైఎంసీఏ తరఫున 1920లో హెచ్. సి. బక్ ఇక్కడ మొదలుపెట్టిన వ్యాయామ విద్య కాలేజీ ఇప్పటికీ నందనంలో నడుస్తోంది. అంత పాత సంబంధం ఉండబట్టే ఈ నగరంలో వీధి క్లబ్బులకి కూడా ఈ ఆట తెలుసు. నెలకి ఫీజు కట్టి చేరొచ్చు, నచ్చకపోతే టీసీ గొడవ లేకుండా మారొచ్చు. కోచ్‌ని మనం ఎంచుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామందికి ముందు తెలియదు. మన దేశంలో పిల్లలు పైకి వెళ్లడానికి రెండు మెట్ల వరసలున్నాయి. ఒకటి సంఘం వరస. చెన్నై జిల్లా సంఘం, తమిళనాడు సంఘం, ఆ పైన భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య జరిపే సబ్ జూనియర్, యూత్, జూనియర్ జాతీయ పోటీలు. దీనికి క్లబ్బు నుంచి, జిల్లా సెలెక్షన్స్ నుంచి వెళ్లొచ్చు. రెండోది స్కూల్ వరస. జోనల్ నుంచి జిల్లా, రాష్ట్రం, చివరికి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జరిపే అండర్ 14, 17, 19 జాతీయ పోటీలు. దీనికి స్కూలే పిల్ల పేరు పంపాలి. ఇంటి దగ్గరి స్కూల్ జట్టే పెట్టకపోతే ఈ వరస దాదాపు మూసుకుపోయినట్టే. కాబట్టి ఆ స్కూల్‌కి గొప్ప జట్టు లేకపోయినా ఫరవాలేదు గానీ ఎంట్రీ పంపే అలవాటు ఉండాలి. పోయినేడు ఏ పోటీలకి ఎంట్రీ పంపారో పీటీ సార్‌ని అడిగితే నిమిషంలో తెలిసిపోతుంది. ముఖ్యమంత్రి ట్రోఫీ, రిపబ్లిక్ డే పోటీలు అని గబగబా చెప్పేశారంటే పని జరుగుతున్నట్టు.

రెండో దారిలో గడియారం ఇంకో తీరుగా కష్టపెడుతుంది. మ్యాపులో పన్నెండు కిలోమీటర్లే అనిపిస్తుంది గానీ సాయంత్రం ఐదున్నరకి విల్లివాక్కం నుంచి నందనం వెళ్లి చూడండి. పిల్ల కారులోనో ఆటోలోనో టిఫిన్ తినాలి, అక్కడే యూనిఫామ్ మార్చుకోవాలి. రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు. నేనైతే క్లబ్బు ఇంటి నుంచి అరగంట లోపు ఉంటేనే ఈ దారి పట్టమంటాను. దూరమైతే వారానికి రెండు రోజులు చాలు, మెట్రో స్టేషన్‌కి దగ్గరున్న కోర్టు చూసుకోండి.

మూడోది హాస్టల్. తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థ నడిపే స్పోర్ట్స్ హాస్టళ్లు ఉన్నాయి. 7, 8, 9, 11 తరగతుల్లో చేరేవాళ్లకి సెలెక్షన్ పెడతారు, ఉండటం తిండి శిక్షణ సర్కారుదే. ప్రైవేట్ రెసిడెన్షియల్ స్కూళ్లలో ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. హాస్టల్లో గడియారం మన చేతిలో ఉండదు. పొద్దున ఐదుకి లేపుతారు, రోజుకి రెండు పూటలా ప్రాక్టీస్. రాష్ట్ర స్థాయికి ఎంపికై, తనంతట తానే వెళ్తానన్న పదిహేనేళ్ల పిల్లకి అది వరం. పదకొండేళ్ల పిల్లని మన కోరిక కొద్దీ పంపడం నాకు ఇష్టం లేదు. ఆ వయసులో పిల్లలకి జ్వరమొస్తే అమ్మ కావాలి.

ఓపెన్ స్కూల్లో పెట్టి రోజంతా ఆడిద్దామనే వాళ్లూ కనిపిస్తారు. టెన్నిస్‌కైతే కుదురుతుందేమో. ఇది జట్టు ఆట, స్కూల్ లేకపోతే స్కూల్ జట్టూ ఉండదు.

ఒక సాయంత్రం కూర్చుని చూడండి

అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. ఏ స్కూలైనా, క్లబ్బైనా, ముందు చెప్పకుండా ఒక మామూలు రోజు సాయంత్రం వెళ్లి గట్టు మీద కూర్చోండి. జట్టులో బాగా ఆడే పిల్లని చూడొద్దు. మీ పిల్ల వయసున్న ఒక మామూలు పిల్లని ఎంచుకుని, పది నిమిషాల్లో బంతి తన చేతికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి.

ఒక పేరున్న చోట మేం చూసిన రోజు 26 మంది పిల్లలు, నాలుగు బంతులు. రెండు వరసల్లో నిలబెట్టి లేఅప్‌లు, అంటే పరుగెత్తుకొచ్చి రింగు దగ్గర నుంచి వేసే షాట్లు, వేయిస్తున్నారు. నేను ఎంచుకున్న పిల్లకి రెండు జడలు, మోకాలికి ప్లాస్టర్. పది నిమిషాల్లో మూడుసార్లు బంతి ముట్టుకుంది. మిగతా సేపంతా వరసలో నిలబడి ముందున్న పిల్ల జడ సరిచేస్తూ ఉంది. ఇంకోచోట పేరు ఎవరికీ తెలియదు, కోర్టు సిమెంటుది, పైన రేకుల కప్పు. 18 మంది పిల్లలు, ఒక్కొక్కరికి ఒక బంతి. కోచ్ మేడమ్ ఈల వేస్తే ఎడమ చేత్తో, మళ్లీ వేస్తే కుడి చేత్తో. లెక్క వంద దాటాక నేను ఆపేశాను.

బంతి సైజు కూడా చూడండి. 12 ఏళ్ల లోపు పిల్లలకి ఐదో నంబరు బంతి. ఆ పైన ఆడపిల్లలకి ఎప్పటికీ ఆరో నంబరే, మగపిల్లలు పెద్దయ్యాక ఏడుకి వెళ్తారు. చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు 2.60 మీటర్లు, పెద్దవాళ్లది 3.05. తొమ్మిదేళ్ల పిల్లవాడికి ఏడో నంబరు బంతి ఇచ్చి పెద్ద రింగుకి వెయ్యమంటే రెండు చేతులతో నడుము దగ్గర నుంచి విసురుతాడు. ఆ అలవాటు పడిందంటే తర్వాత షూటింగ్ దిద్దడం చాలా కష్టం. ఈ తేడా తెలిసిన కోచ్ పిల్లల గురించి ఆలోచించే కోచ్ అని నా నమ్మకం. పాటియాలా ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) ఇచ్చే కోచింగ్ డిప్లొమా ఉందా అని అడగడం మంచిదే, అయితే డిప్లొమా చూసి కోర్టు చూడకుండా వచ్చేయొద్దు.

ఇంకో మాట, పొడుగు పిల్లల తల్లిదండ్రులకి. పన్నెండేళ్లకే అందరికన్నా ఎత్తుగా ఉన్న పిల్లని తెచ్చి రింగు కింద నిలబెట్టేస్తారు. స్కూల్‌కి వెంటనే మ్యాచ్‌లు గెలిపిస్తుంది. తొందరగా ఎదిగిన పిల్లలు తొందరగా ఆగిపోవచ్చు కూడా. పదహారేళ్లకి అదే ఎత్తులో ఉండి, డ్రిబ్లింగ్ రాక, బయటి నుంచి షూటింగ్ రాక మిగిలిపోతారు. పొడుగు పిల్లలకి కూడా బంతి తీసుకెళ్లడం నేర్పుతున్నారా, అది చూడండి.

నేల గురించి. గట్టి సిమెంటు మీద రోజూ గెంతితే ఎదిగే మోకాళ్లకి దెబ్బ. మోకాలి చిప్ప కింద ఎముక ఉబ్బి, ముట్టుకుంటే నొప్పి అంటే ఆస్‌గుడ్ ష్లాటర్ అనే సమస్య కావొచ్చు. ఎదిగే వయసులో గెంతే ఆటలు ఆడే పిల్లల్లో మామూలే, విశ్రాంతి ఇస్తే చాలావరకు తగ్గుతుంది. విశ్రాంతి ఇచ్చే కోచ్ ఉండాలి, అంతే. "ఓర్చుకో" అనే చోట చేర్చకండి. పైకప్పు ఉన్న కోర్టయితే చెన్నైలో రెండు రకాలుగా మేలు. ఏప్రిల్, మే నెలల ఎండకీ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానకీ. ఓపెన్ కోర్టున్న స్కూల్లో ఆ మూడు నెలలు ప్రాక్టీస్ ఎక్కడ చేయిస్తారో అడగండి.

ఆడపిల్ల అయితే గర్ల్స్ టీమ్ నిజంగా ఉందా, పేరుకే ఉందా అన్నది వేరుగా చూడాలి. చాలాచోట్ల అబ్బాయిలు వదిలాకే అమ్మాయిలకి కోర్టు దొరుకుతుంది, అంటే చీకటి పడ్డాక. బట్టలు మార్చుకునే గది, శుభ్రమైన బాత్రూమ్, టోర్నమెంటుకి వెంట వచ్చే లేడీ టీచర్, ఈ మూడూ లేకపోతే ఎంత గొప్ప కోచ్ ఉన్నా నేను చేర్చను.

సిలబస్, తమిళం, పదో తరగతి

సీబీఎస్ఈ అయితే 75 శాతం హాజరు కావాలి. జాతీయ స్థాయి పోటీలకి వెళ్లిన రోజుల విషయంలో సడలింపు ఉంది. పోటీ తేదీ బోర్డు పరీక్షతో కలిసినా తర్వాత రాసే వీలు ఉంది, కానీ స్కూలే ముందుగా రాసి పంపాలి. ఆ పని ఇంతకుముందు చేసిన స్కూల్ అయితే మీకు టెన్షన్ ఉండదు. స్టేట్ బోర్డు స్కూళ్లకి రాష్ట్ర పోటీల్లో పాల్గొనే అనుభవం ఎక్కువ. ఆట కోసమే సిలబస్ మార్చక్కర్లేదు, పిల్లకి ఏది అలవాటో అదే ఉంచండి.

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మధ్యలో వచ్చేవాళ్లు తమిళం సంగతి ముందే తేల్చుకోవాలి. తమిళనాడులో 2006 చట్టంతో స్కూళ్లలో తమిళం తప్పనిసరి అయింది, సీబీఎస్ఈ స్కూళ్లకి 2015-16లో ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టారు. వేరే రాష్ట్రం నుంచి ఏడో తరగతిలో వచ్చిన పిల్లకి ఏం చేస్తారో ప్రిన్సిపాల్‌ని అడగండి. తమిళం ట్యూషన్ గంట కూడా గడియారంలోకి చేరుతుంది మరి. ఆట పరంగా మాత్రం తమిళం వస్తే పిల్లకే లాభం. కోర్టు మీద అరుపులన్నీ తమిళంలోనే.

పదో తరగతి అసలు పరీక్ష, స్కూల్‌కి. ప్రాక్టీస్ చూడ్డానికి వెళ్లినప్పుడు "ఇందులో పదో తరగతి వాళ్లు ఎంతమంది?" అని పిల్లల్నే అడగండి. ఒక్కరూ లేకపోతే ఆ స్కూల్లో మీ పిల్ల ఆట తొమ్మిదితో ఆగిపోతుందని అర్థం.

ఆడితే ఏమొస్తుంది?

ఇంట్లో పెద్దవాళ్లు అడిగే ప్రశ్న ఇది, అడగడంలో తప్పు లేదు. సత్నామ్ సింగ్ 2015లో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో, అంటే అక్కడి జట్లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట, ఎంపికైన మొదటి భారతీయుడు, ఆయనకి కూడా ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఆడే అవకాశం రాలేదు. ఆ కలతో స్కూల్ ఎంచుకోవద్దు. దగ్గర్లో ఉన్న దారులు వేరే ఉన్నాయి. చెన్నై అమ్మాయి అనితా పాల్‌దురై భారత మహిళల జట్టుకి కెప్టెన్‌గా ఆడారు, దక్షిణ రైల్వేలో ఉద్యోగం చేశారు, 2021లో పద్మశ్రీ అందుకున్నారు. తమిళనాడు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో క్రీడాకారులకి 500 సీట్లున్నాయి. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ప్రతి డిగ్రీ కోర్సులో రెండు సీట్లు క్రీడాకారులకి పెట్టింది, ఒకటి అమ్మాయిలకే. దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసవ్వాలి, కాబట్టి చదువు వదిలేసే స్కూల్ ఆ తలుపు మూసేస్తుంది.

వీటన్నిటికీ సర్టిఫికెట్లు కావాలి, సర్టిఫికెట్లకి వయసు సరిగ్గా ఉండాలి. బర్త్ సర్టిఫికెట్, ఆధార్, టీసీ మూడింట్లో పేరు, తేదీ ఒకేలా ఉండేలా అడ్మిషన్ అప్పుడే దిద్దించుకోండి. ఏడాది తగ్గించి రాయిస్తే చిన్న గ్రూపులో ఆడొచ్చని ఎవరైనా సలహా ఇస్తే ఆ మనిషికి దూరంగా ఉండండి. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు, పట్టుబడితే శిక్ష పడేది పిల్లకి.

నా సలహా వయసుని బట్టి ఇలా ఉంటుంది. పన్నెండేళ్ల లోపు అయితే ఇంటికి దగ్గరి స్కూల్, బంతి చేతికొచ్చే చిన్న క్లబ్బు, వేరే ఆటలు కూడా. పదమూడు, పద్నాలుగులో జిల్లా సెలెక్షన్స్ దాకా వెళ్తుంటే, అప్పుడు ఆడించే స్కూల్‌కి మారడం గురించి ఆలోచించండి. అది పెద్ద పేరున్నదే కానక్కర్లేదు. రాష్ట్ర జట్టులోకి వచ్చాక, పిల్ల అడిగితే, హాస్టల్.

మేం చివరికి ఎంచుకున్నది ఆ రేకుల కప్పు కోర్టున్న స్కూలే. ఇంటి నుంచి పదిహేను నిమిషాలు. డబ్బు కట్టేముందు మూడు రోజులు ప్రాక్టీస్‌కి రానిమ్మని అడిగాం, మేడమ్ సరేనన్నారు. మూడో రోజు పాప ఇంటికొచ్చేసరికి 6.40. షూ విప్పి, చేతులు కడుక్కుని, "అమ్మా, ఇడ్లీ ఉందా?" అంటూ లెక్కల పుస్తకం తెరిచింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి ఫీజు కట్టేశాం.